బుడంకాయ వాటా

మా ఆయనకి పేపరు చదివే అలవాటు ఎవరు చేశారో గానీ, వాళ్ళ నోట్లో మన్ను పడ!

ముప్పై ఏళ్ళకి పైగా సర్కారు బస్సులో కండక్టరుగా చేసిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పేపరు ముట్టిన పాపాన పోలేదు. రిటైరైన మర్నాటి నుంచి పట్టుకున్నారు. మొదటి పేజీలో తేదీ దగ్గర్నుంచి ఆఖరి పేజీలో అచ్చేసినవాళ్ళ చిరునామా దాకా వదలరు. చదివి ఊరుకుంటే నాకేం బాధ? చదివిందల్లా ఒంటికి పట్టించుకుంటారు. ఎక్కడో నది పొంగితే ఇక్కడ మా ఇంట్లో ఈయనకి ముద్ద దిగదు.

ఆ రోజు పొద్దున్నే కాఫీ ఇచ్చేసి నేను మోకాలికి నూనె రాసుకుంటున్నాను. ఈయన పేపర్లోంచి తల తియ్యరు. కాఫీ చల్లారిపోయింది. ఏమిటండీ అంటే పేపరు నా ముందు పెట్టి వేలితో చూపించారు. ప్రభుత్వం మళ్ళీ అప్పు చేసిందట. పాతదీ కొత్తదీ కలిపి, జనాభాతో భాగించి, తలకి ఇంత పడుతుందని పెద్దక్షరాలతో వేశారు. ఆ అంకె కింద ఇంకో మాట కూడా ఉంది. నిన్న పుట్టిన పసిబిడ్డ నెత్తిన కూడా ఇంతే భారమట.

ఇదేమన్నా కొత్త వార్తా? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ప్రభుత్వం అప్పుల్లోనే ఉంది. పోనిద్దురూ అన్నాను. ఈయన పోనిస్తేగా!

మాకు ఒక్కతే కూతురు. రెండు వీధుల అవతల కాపురం. దానికి ఆ మధ్యే ఆడపిల్ల పుట్టింది. గుండ్రంగా, బుల్లిగా, గట్టిగా ఉందని నేను బుడంకాయ అన్నాను, అదే ఖాయమైపోయింది. అసలు పేరు ఒకటి పెట్టారు లెండి, ఆసుపత్రి కాగితాల్లో ఉంది. బుడంకాయని ఎత్తుకుంటే ఈయనకి లోకం కనపడదు. పిల్ల తుమ్మితే మా అల్లుడి కన్నా ముందు ఈయన చెప్పులేసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరతారు.

అలాంటి పిల్ల నెత్తిన అప్పు అనేసరికి ఈయన మనసు ఎక్కడా నిలవలేదు. కండక్టరు బుద్ధి కదా, ఏ సంగతైనా బస్సులోకి తెచ్చుకుంటే గానీ అర్థం కాదు.

"ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్టే లేదు కదే. ఇది బస్సెక్కి ఇంకా సీట్లో కూర్చోనన్నా లేదు. ఎప్పుడో దిగిపోయినవాళ్ళ టికెట్లన్నీ దీని చేత కొనిపిస్తారా?" అన్నారు.

మరి మన వాటా సంగతేమిటని అడిగాను. మనం తిరిగాం, అనుభవించాం, మన సంగతి తర్వాత చూసుకోవచ్చట. పిల్లది మాత్రం ముందు కట్టేయాలట. కట్టేయడమేమిటండీ అని నేను నవ్వాను. ఈయన నవ్వలేదు. అప్పుడు పడింది నా గుండెల్లో రాయి.

ఈయన సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. చిల్లర లేనప్పుడు కండక్టర్లు టికెట్టు వెనక బాకీ రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమంటారు. సగం మంది మర్చిపోయి దిగిపోతారు. ఆ మిగిలింది కండక్టరు జేబులోకి పోవడం మామూలే. ఈయన మాత్రం మర్చిపోయినవాళ్ళ వెనక పరిగెత్తి ఇచ్చేవారు. ఒకసారి బస్సాపించి, ఎవరో ముసలాయన వెనక సందులోకి పోయి, ఆయన దొరక్క వెతుకుతుంటే, డ్రైవరు విసుగెత్తి బస్సు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు బస్సు ముందొచ్చి కండక్టరు తర్వాత నడిచొచ్చాడని డిపో అంతా నవ్వింది. చిల్లరయ్య అని పేరు కూడా పెట్టారు. ఒకరికి బాకీ ఉన్నామంటే ఈ మనిషికి ఒళ్ళు దురద పెడుతుంది. ఏం చేస్తాం, కట్టుకున్నాను.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. మేముండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. నా కుడి మోకాలు అరిగిపోయింది, మెట్లు మానేయమని డాక్టరు ఖండితంగా చెప్పాడు. మెట్లు మానేస్తే నేను ఆ ఇంట్లో బందీనే. మా ఎదురుగానే మందుల షాపాయన ఇల్లుంది. కింది భాగం అద్దెకిస్తాడు. ముందు హాలు, వెనక రెండు గదులు, వంటిల్లు, ఒక్కటంటే ఒక్క మెట్టు లేదు. అందులో ఉన్నవాళ్ళు ఖాళీ చేయగానే మాకే ఇస్తానని మాటిచ్చాడు. దాని అడ్వాన్సు కోసం నోరు కట్టుకుని పైసా పైసా కూడబెట్టాం. బ్యాంకులో ఇద్దరి పేరు మీదా వేశాం, తీయాలంటే ఇద్దరి సంతకాలూ ఉండాలి. పేపర్లో పడ్డ ఆ అంకె, మేం దాచినదాంట్లో ముప్పావు వంతు!

నేను చచ్చినా సంతకం పెట్టనన్నాను. బుడంకాయ వాటా కోసం నా మోకాలిని తాకట్టు పెట్టమంటారా అని కడిగేశాను. ఈయన పోట్లాడితే గెలుద్దును. పోట్లాడలేదు. అదే ఈయన దగ్గరున్న చెడ్డగుణం. చెప్పిన పనల్లా చేస్తారు, అడిగినదానికి జవాబు చెప్తారు, ముద్ద మాత్రం కెలికి వదిలేస్తారు. అమ్మాయి ఇంటికి వెళ్తే బుడంకాయని ఒళ్ళో పెట్టుకుని దాని మొహంలోకి చూడరు, కిటికీలోంచి బయటికి చూస్తారు. మూడు నెలల పిల్ల దగ్గర మొహం చాటేసే తాతని ఎక్కడైనా చూశారా?

ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పారు. ఇకమీదట మెట్ల పనంతా తనదేనట. నీళ్ళూ కూరగాయలూ తనే మోస్తారట, నేను కిందకి దిగాల్సి వస్తే తన భుజం పట్టుకుని దిగాలట, ఇంకో రెండేళ్ళలో మళ్ళీ కూడబెట్టేద్దామట. సంతకం పెట్టాను. నేనేదో త్యాగం చేశాననుకునేరు, అదేం లేదు. ఆ మొహం చూడలేకపోయాను, అంతే. తిట్టుకుంటూనే పెట్టాను.

ఖజానా ఆఫీసుకి నేనూ వెళ్ళాను. అంత డబ్బు పట్టుకుని ఈయన్ని ఒంటరిగా పంపితే దారిలో ఇంకెవరి బాకీ తీరుస్తారో ఏమో! కౌంటర్లో గుమస్తా తలెత్తకుండా పన్నా, ఫీజా, జరిమానానా అని అడిగాడు. అప్పు అన్నారీయన. ఎవరి అప్పని అడిగాడు. దేశం అప్పన్నారు. ఎవరి పేరు మీదంటే మనవరాలి పేరు మీదన్నారు. గుమస్తా అప్పుడు తలెత్తాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మమ్మల్ని చూశాడు. పక్కవాణ్ణి పిలిచాడు. వాడు ఇంకొకణ్ణి పిలిచాడు. కాసేపట్లో ఆఫీసంతా మా చుట్టూ మూగింది. మా వెనక లైన్లో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు.

సంగతేమిటంటే, ఏ డబ్బు లోపలికొచ్చినా ఏదో ఒక పద్దు కింద రాయాలట. అప్పు తెచ్చుకోవడానికి పద్దులున్నాయి. వడ్డీ కట్టడానికి ఉన్నాయి. దారినపోయేవాడు వచ్చి తీర్చడానికి మాత్రం పద్దు లేదు. ఎందుకుంటుంది? ఇలాంటివాడొకడు పుడతాడని ఎవరనుకున్నారు?

ఆఖరికి లోపల్నించి ఆఫీసరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, జుట్టు అక్కడక్కడా నెరిసింది, మొహంలో అలసట. మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఈయనకి ఓపిగ్గా చెప్పింది. దేశం అప్పు ఇంటి అప్పులాంటిది కాదని, తలకింత అని ఎవరి దగ్గరా వసూలు చేయరని, జనానికి అర్థం కావడానికి పేపరువాళ్ళు అలా భాగించి రాస్తారని చెప్పింది. ఈయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని అంతా విన్నారు.

"భాగిస్తే వాటా అంటూ ఒకటి వచ్చింది కదమ్మా. ఆ వాటా తీసుకోండి," అన్నారు.

ఆవిడ నావైపు చూసింది. నేనేం చెప్పను? ఇన్నేళ్ళుగా వేగుతున్నాను తల్లీ అన్నట్టు చూశాను. ఆవిడకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళు చెమర్చాయి కూడా. ఇక లాభం లేదనుకుని 'ఇతర రాబడులు' అనే పద్దులో జమ వేయించి, రసీదు మీద బుడంకాయ అసలు పేరు తన చేత్తోనే రాసిచ్చింది.

బయటికొచ్చాక ఈయన అక్కడే నిలబడి గట్టిగా గాలి పీల్చుకున్నారు. నెత్తిమీది బస్తా దించుకున్న కూలీలా ఉన్నారు. అక్కణ్ణించి తిన్నగా అమ్మాయి ఇంటికెళ్ళి బుడంకాయని ఎత్తుకుని దాని మొహంలోకి మొహం పెట్టి ఏవేవో ఊసులు చెప్పారు. అది చూసి నా కోపం సగం పోయింది. మిగతా సగం దాచుకున్నాను, సంసారమన్నాక అవసరం పడుతుంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మా వెనక లైన్లో గొణిగినవాళ్ళలో ఒకడు పేపరువాడట. వారం తిరక్కుండా 'మనవరాలి అప్పు తీర్చిన కండక్టరు' అని ఈయన ఫోటో పడింది. అమ్మాయి పడీపడీ నవ్వింది. అల్లుడు పాపం వారం రోజులు ఆఫీసులో తలెత్తుకోలేదు. ఆ వార్త పోయి పోయి ఉపమంత్రి కంట్లో పడింది. ఇలాంటి పౌరుణ్ణి సన్మానించకపోతే మనమెందుకన్నాడట. అదీ ఆయనుండే వీధిలోనే, ఇరుగుపొరుగు ఎదటే జరగాలన్నాడట.

ఇంక చూడండి! వీధి ఈ చివర్నించి ఆ చివరిదాకా టెంటు వేశారు. వేదిక, దాని మీద తివాచీ, పెద్ద పెద్ద ఫ్యాన్లు, మైకులు, వచ్చినవాళ్ళకి టిఫిన్ పొట్లాలు, నీళ్ళ సీసాలు. మా మేడకి ఈయన బొమ్మ ఒకటి వేలాడదీశారు. అందులో ఈయన ముక్కొక్కటే మా వంటింటి కిటికీ అంత ఉంది. కార్ల మీద కార్లొచ్చాయి. వచ్చిన జనం కన్నా తెచ్చిన కుర్చీలే ఎక్కువ.

ఈయన తయారై కిందకి దిగి, వేదిక దగ్గరికి పోకుండా టెంటువాడి దగ్గరికి పోయారు. దీనికెంతవుతుంది బాబూ అని అడిగారట. వాడు దాపరికం లేని మనిషి, సంతోషంగానే చెప్పాడు. సర్కారు బిల్లు కాబట్టి బయటి రేటుకి మూడింతలు రాస్తారట. ఆ డబ్బు చేతికొచ్చేసరికి ఏడాది పడుతుంది కాబట్టి అంతలో తమకయ్యే వడ్డీ కూడా కలుపుకుంటారట. ఒక్క టెంటుకే బుడంకాయ వాటా దాటిపోయింది. కుర్చీలు, ఫ్యాన్లు, కార్లలో పెట్రోలు, నా వంటింటి కిటికీ అంత ముక్కు, ఇవన్నీ ఇంకా లెక్కలోకే రాలేదు. పైన బాల్కనీలోంచి చూస్తున్న నాకు ఈయన మొహం పాలిపోవడం కనపడింది. ఏమైందో అని కంగారుపడ్డాను గానీ, మెట్లు దిగి వెళ్ళలేకపోయాను.

చెక్కకి ఇత్తడి రేకు తాపడం చేసిన జ్ఞాపికొకటి ఈయన చేతుల్లో పెట్టారు. ఉపమంత్రి చాలాసేపు మాట్లాడాడు. ఇలాంటి మహానుభావులు ముందుకొస్తున్నారు కాబట్టి వాళ్ళిచ్చే సొమ్ము తీసుకోవడానికి కొత్తగా ఒక విభాగమే పెడుతున్నామని, దాని మొదటి ఆఫీసు మొదటి దాత ఉండే ఈ వీధిలోనే తెరుస్తామని ప్రకటించాడు. చప్పట్లు మోగాయి. తర్వాత మైకు ఈయనకిచ్చారు.

"ఈ టెంటు ఎవరి లెక్కలో రాస్తారు బాబూ?" అన్నారు ఈయన.

మైకు కీచుమంది. వినపడినవాళ్ళు చమత్కారమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఉపమంత్రి నవ్వి ఈయన భుజం తట్టాడు. ఇంటికొచ్చి ఈయన ఆ జ్ఞాపికని గోడవైపు తిప్పి పెట్టి, బుడంకాయ వాటా తీర్చాననుకున్నాను గానీ పెంచేసి వచ్చానే అన్నారు. ఆ పూట నేను తిట్టలేదు. తిట్టడానికి మనసు రాలేదు.

ఆ దాచుకున్న సగం కోపానికి మాత్రం త్వరలోనే పని పడింది. ఒకరోజు మందుల షాపాయన నొప్పుల మందు ట్యూబొకటి ఊరికే పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆయన ఊరికే ఏదైనా ఇచ్చాడంటే ఏదో కొంప మునిగిందన్నమాటే. నేల చూపులు చూస్తూ చెప్పాడు. కొత్త విభాగం ఆఫీసుకి తన కింది భాగమే అడిగారట. రెట్టింపు అద్దె, ఏడాది అడ్వాన్సు ఒకేసారి. పిల్లల చదువులున్నాయి, ఏమనుకోకండి అన్నాడు. ఏమనుకోకుండా ఎలా ఉంటాను? ఆ ఇంట్లో పొయ్యి ఎక్కడ పెట్టాలో, బుడంకాయ పాకడం మొదలుపెడితే ఏ గుమ్మానికి అడ్డుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన ట్యూబు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. ఈయన నా మోకాలికి ఆ మందు రాశారు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆఫీసు తెరిచారు. కొత్త బోర్డు, కొత్త బల్లలు, బీరువాలు, వచ్చిన సొమ్ము దాచడానికి ఇనప్పెట్టె, వచ్చేవాళ్ళు కూర్చోవడానికి వరసగా మెత్తటి కుర్చీలు. లోపల ఉద్యోగం ఎవరికిచ్చారనుకున్నారు? మన ఆఫీసరమ్మకే. పద్దు లేని డబ్బు తీసుకున్నందుకు పైవాళ్ళు అక్షింతలు వేసి, అయితే నువ్వే చూసుకో అని ఇక్కడికి తోసేశారట. పాపం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కతే కూర్చునేది. దాతలేరీ? ఓ ఇద్దరు ముగ్గురు వచ్చారు, ఇక్కడ అప్పులిస్తారా అని అడగడానికి. ఈయన ఆ ఆఫీసు ముందు నుంచి నడవడమే మానేశారు. చుట్టూ తిరిగి వెనక సందులోంచి వచ్చేవారు. ఆ బోర్డు చూస్తే తనే ఎవరి జేబో కొట్టినట్టుంటుందట.

ఇలా ఉండగా ఒకరోజు అమ్మాయి ఫోన్ చేసింది. బుడంకాయకి కొంచెం జ్వరంగా ఉందంది. కంగారేం లేదు, సాయంత్రం రండి అంది. అప్పటికే ఈయన బజారుకెళ్ళి ఉన్నారు. ఆగొచ్చు కదా? ఆగలేకపోయాను. గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టాను. మొదటి అంతస్తు దాకా ఎలాగో వచ్చాను. అక్కడ మోకాలు పట్టేసింది. కాలు ముందుకీ రాదు, వెనక్కీ పోదు. మెట్టు మీద కూలబడిపోయాను. మా మెట్లు వీధివైపే, కటకటాల్లోంచి బయటికి కనిపిస్తాయి. ఎదురు ఆఫీసులో చూడ్డానికి ఇంకేమీ లేక మా మెట్లే చూస్తూ కూర్చున్న ఆఫీసరమ్మ పరిగెత్తుకొచ్చింది. నడుం చుట్టూ చెయ్యేసి, నెమ్మదిగా దింపి, వీధి దాటించి, ఆ మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీకి నేనే బోణీ.

ఈయన కూరగాయల సంచితో వెనక సందులోంచి వచ్చారు. ఇంట్లో నేను లేను. ఎవరో చెబితే ఆఫీసులోకి వచ్చారు, అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. సంచి పక్కన పడేసి నా కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని మోకాలు పట్టుకున్నారు.

"మెట్ల పని నాదన్నాను కదే. నేనొచ్చేదాకా ఆగలేకపోయావా?" అన్నారు. నీ ఇల్లు తీసుకెళ్ళి టెంటులో పోశాను అని తనలో తనే గొణుక్కున్నారు.

ఆఫీసరమ్మ కుర్చీ మా దగ్గరికి లాక్కుని ఒక సంగతి చెప్పింది. ఇనప్పెట్టె ఉన్న ప్రతి ఆఫీసులోనూ అక్కడే కాపురముండే కావలి మనిషి ఉండి తీరాలట, అది రూలు. ఇనప్పెట్టెలో ఏమీ లేకపోయినా రూలు రూలే. వెనక రెండు గదులూ వంటిల్లూ ఆ మనిషి కోసమే ఖాళీగా ఉన్నాయి. రిటైరైన సర్కారు ఉద్యోగులకే ముందు ఇవ్వాలట. ఇంకా ఎవర్నీ ఎందుకు పెట్టలేదని పైనుంచి అప్పుడే రెండుసార్లు అడిగారట. మీరు వస్తారా అని ఈయన్ని అడిగింది.

నా గుండె ఒక్క గంతు వేసింది. ఆ వెనకే మళ్ళీ చతికిలబడింది. ఈ మనిషి నాకు తెలీదా?

జీతం ఎక్కణ్ణించి వస్తుందమ్మా అని అడిగారు ఈయన. బడ్జెట్ నుంచి అంది. బడ్జెట్లోకి ఎక్కణ్ణించి వస్తుందన్నారు. ఆవిడ అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇలాంటి కొత్త ఆఫీసులకి చాలామటుకు అప్పేనండీ అంది. అయితే జీతం లేకుండా ఊరికే చేస్తానన్నారు. ఊరికే చేయించుకోవడానికి రూలు లేదట. దానికి ప్రత్యేకంగా కమిటీ వేయాలి, ఆ కమిటీ ఒక్కసారి కూర్చుని లేచేసరికి అయ్యే ఖర్చు ఈయన ఏడాది జీతం కన్నా ఎక్కువట. ఈయన తల పట్టుకున్నారు.

నాకు ఆ కింది ఇల్లు ఎంత కావాలో ఆ దేవుడికే తెలుసు. ఆ వెనక గుమ్మంలోంచి వంటింటి అలమర కనపడుతోంది. చెయ్యి చాపితే అందేలా ఉంది. కానీ ఈయన్ని ఈయన కాకుండా చేసి తెచ్చుకున్న ఇంట్లో నాకు నిద్రెలా పడుతుంది? పదండి, మన ఇంటికి పోదాం అన్నాను. బుడంకాయకి జ్వరం తగ్గి పాలు తాగిందని అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది, ఆ మాటతో కొంచెం తేలికపడి లేచాం.

మెట్లెక్కడం మొదలుపెట్టాం. నా బరువంతా ఈయన భుజం మీదే. మెట్టుకొకసారి ఆగడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ ఇంకో మెట్టు. నా నొప్పి ఈయనకి తెలియకూడదని పళ్ళు బిగబట్టాను. అయినా రెండో అంతస్తు మలుపు దగ్గర అమ్మా అని మూలిగేశాను. అక్కడే కూర్చోబెట్టారు. నా మొహాన చెమట తన తువ్వాలుతో తుడిచారు. తుడిచి, చాలాసేపు అలాగే నన్ను చూశారు. ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ అంతసేపు చూసినట్టు గుర్తులేదు, మా పెళ్ళినాడు కూడా చిల్లర లెక్క చూసుకుంటున్నారు.

ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తానని కిందకి దిగారు. మంచినీళ్ళకి కాబోలనుకున్నాను. ఎంతకీ రారు. తిరిగొచ్చేసరికి చేతిలో నీళ్ళూ లేవు ఏమీ లేవు, వేలికి మాత్రం పెన్ను సిరా అంటుకుని ఉంది.

"ఇంక పైకెందుకే? దిగుదాం పద. సామాను సాయంత్రం తెచ్చుకుందాం," అన్నారు.

కావలి ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేశారని అర్థమైంది. ఎందుకు పెట్టారండీ, నేనడిగానా అన్నాను. కోపంగా అందామనుకున్నాను, కోపం రాలేదు. రేపు బుడంకాయ పెద్దదై, తాతయ్యా, నా నెత్తిమీద అప్పు ఎందుకు పెంచావని నిలదీస్తే ఏం చెప్తారని అడిగాను.

ఈయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. తువ్వాలుతో వేలి సిరా తుడుచుకున్నారు గానీ అది పోలేదు.

"మీ అమ్మమ్మ మోకాలి కోసం చేశానని చెప్తాను. తిట్టుకుంటే తిట్టుకోనీ," అన్నారు. తువ్వాలు భుజాన వేసుకుంటూ, "ఇన్నాళ్ళూ అప్పు చేసినవాళ్ళంతా టెంట్లు వేసుకోవడానికే చేశారనుకున్నానే. మోకాళ్ళ కోసం చేసినవాళ్ళు కూడా ఉండి ఉంటారు," అన్నారు.

నేను ఏడ్చేశాను. దాచుకోలేదు, ఎవరికోసం దాచుకోవాలి? ఈయన లేచి భుజం ఇచ్చారు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ నొప్పని డాక్టరు చెప్పాడు గానీ, ఆ రోజు నాకేం తెలియలేదు.